హంఫ్రీ దొర వాగులో కట్టిన ఇల్లు

ఆ పైవాడు ఎండనీ వాననీ అందరికీ సమంగా పంచలేదండీ. ఇంగ్లండు మీద వాన కుమ్మరించాడు, స్పెయిన్ మీద ఎండ ఆరబోశాడు. అందుకే హంఫ్రీ అనే ముసలి బుల్‌డాగ్ దొర, ఉన్నదంతా అమ్ముకుని, ఎముకలు వెచ్చబెట్టుకుందామని స్పెయిన్‌లో ఆలివ్ తోటల పల్లె ఒకటి చేరాడు.

అక్కడ స్థలాల దళారి బాల్తసార్ అనే నక్క. పల్లె నడుమ చదునుగా, గన్నేరు పూలతో కళకళలాడే ఇసుక నేల చూపించాడు.

"ఇంత మంచి చోట ఇన్నాళ్లూ ఎవరూ కట్టుకోలేదేం?" అన్నాడు దొర.

"బద్ధకం దొరగారూ. అనుమానముంటే ఇప్పుడే ఇంటింటికీ వెళ్లి అడగండి. కాదనేవాళ్లు కాదంటారు."

అది మిట్టమధ్యాహ్నం. ఆ దేశంలో అందరూ భోంచేసి, తలుపులేసుకుని కునుకు తీసే వేళ. దొర ప్రతి తలుపూ తట్టాడు. గాడిద సెరాఫిన్ ఇంట్లోంచి గురక వినిపించింది. మేక ఎన్కార్నా ఇంట్లోంచి అదీ లేదు.

"ఎవరూ కాదనలేదు" అనుకుని దొర కాగితం మీద పంజా ముద్ర వేసేశాడు.

ఇల్లు లేచింది. చుట్టూ తెల్ల కంచె. పొద్దు వాలాక పల్లె పల్లెంతా వీధిలో కుర్చీలు వేసుకుని కబుర్లాడేది. దొర మాత్రం ఆ వేళకి కిటికీలు మూసి పడకెక్కేవాడు.

ఓ సాయంత్రం గాడిద వచ్చి తలుపు తట్టాడు. "దొరగారూ, ఈ స్థలం గురించి ఒక్క మాట..."

"ఇది పలకరింపుల వేళ కాదు. రేపు మధ్యాహ్నం రండి."

"మధ్యాహ్నమా? అప్పుడు పడుకోవాలి కదా బాబూ."

"అందుకే మీరింకా ఇలా ఉన్నారు." తలుపు మూసి, తన క్రమశిక్షణకి తానే మురిసిపోయాడు దొర.

"చెప్పావా?" అంది మేక.

"చెప్పనిస్తేగా వదినా. ఎండలో రమ్మంటాడు."

"పాపం, మెదడు కాగినట్టుంది. నేను చెబుతాలే."

మర్నాటి సాయంత్రం వెళ్లిన ఆమెని "ఇది నిద్ర వేళ" అంటూ కంచె దగ్గరే ఆపేశాడు దొర.

సెప్టెంబరులో కొండల మీద మబ్బు నల్లగా దిగింది. ఆ సాయంత్రం వీధిలో కుర్చీల్లేవు. అందరూ గట్టెక్కి నిలబడ్డారు. చూస్తుండగానే ఎర్రనీళ్లు కంచెని లేపుకుపోయాయి. దొర కప్పు మీదికి పాకాడు.

"ఏమిటిది సెరాఫిన్?"

"వాగు బాబూ. ఏడాదికోసారి తన ఇంటికి తాను వస్తుంది."

గాడిద మెడలోతు నీళ్లలో దిగి, దొరని వీపుమీద మోసుకొచ్చాడు. వెనక ఇల్లు కూలిపోయింది. మేక తన శాలువా తీసి దొరకి కప్పింది.

"ఇది వాగని నాకొక్కరూ చెప్పలేదే" అన్నాడు దొర వణుకుతూ.

"ఎలా చెప్పమంటారు బాబూ? మేం నిద్రపోతుంటే మీరొచ్చారు, మేమొస్తే మీరు నిద్రపోయారు."

"ఆ నక్కేడి?"

"పొద్దున్నే ఊరు దాటేశాడు. మబ్బు చదవడం వాడికి బాగా వచ్చు."

కనుక తల్లులారా, తండ్రులారా, కొత్త ఊళ్లో ఇల్లు కట్టుకునేవాడు ముందు ఆ ఊరు నోరు విప్పే వేళేదో తెలుసుకోవాలి.