దూదమ్మ ఎత్తని చెయ్యి

అనగనగా ఉత్తరాన ఒక చలి అడవిలో బోలెడు జంతువులు ఉండేవి. ఎంత చలి అంటే, నోరు తెరిస్తే చాలు పొగ వచ్చేది. ఆ అడవినీ, చుట్టుపక్కల అడవులన్నిటినీ చాలాకాలం ఒక ఎలుగుబంటి ఏలింది. దాని మాటే శాసనం. చివరికి దానికి గోళ్ళు అరిగిపోయాయి, పళ్ళు ఊడిపోయాయి. ఒకరోజు గుహలోకి వెళ్ళి పడుకుంది, ఇక లేవలేదు.

"హమ్మయ్య! ఇక మన అడవి మనదే!" అని అందరూ గంతులేశారు.

మరి పెద్దగా ఎవరుండాలి? ఎలుగుబంటి దగ్గర తాళాలు మోసిన తోడేలు ముందుకొచ్చాడు. "నేనున్నానుగా!" అన్నాడు. చెట్టుకున్న ఎలుగుబంటి బొమ్మ పీకేసి, అదే మేకుకి తన బొమ్మ తగిలించాడు. మేకు కూడా మార్చలేదు చూడండి! ఆ రోజు నుంచి అతను తోడేలు దొర అయిపోయాడు.

మార్చనిది ఇంకొకటి ఉంది. అది సభ. ఎలుగుబంటి కాలం నుంచీ వస్తున్న అలవాటు. అందరూ పెద్ద బండ దగ్గర చేరాలి. పైనున్నవాళ్ళు ఏదో చెప్పి, "ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి!" అంటారు. అందరూ ఎత్తుతారు. కాకి "అందరూ ఒప్పుకున్నారహో!" అని అరుస్తుంది. అంతే, సభ అయిపోయినట్టే. ఒప్పుకోనివాళ్ళున్నారా అని అడిగే నాథుడే లేడు.

జంతువులకి చేతులెక్కడివి అని నన్ను విసిగించకండి. ముందుకాలే చెయ్యి. పిట్టలకైతే రెక్క. "చేతులెత్తండి" అన్న మాట చెవిన పడితే చాలు, వాళ్ళ చేతులు వాటంతటవే లేచిపోయేవి. ముళ్ళపంది తాతయితే గురక పెడుతూనే ఎత్తేవాడు.

ఆ అడవిలో దూదమ్మ అని ఒక తెల్ల కుందేలు ఉండేది. వట్టి పిరికిది. ఆకు రాలితే ఆమడ దూరం పరిగెత్తే రకం. దానికి ముగ్గురు పిల్లలు. దాని బొరియ పక్కనున్న చెట్టు మీద ముక్కన్న అనే వడ్రంగి పిట్ట కాపురం. ఆకాశంలో డేగ కనిపిస్తే ముక్కన్న మాను మీద టకటకమని కొట్టేవాడు. దూదమ్మ పిల్లల్ని లోపలికి లాక్కునేది. ఆ టకటకే లేకపోతే ఆ పిల్లలు ఏనాడో డేగ పాలయ్యేవాళ్ళు.

చలికాలం వచ్చింది. నది గడ్డకట్టింది. ఇక నీళ్ళు దొరికేది ఊట దగ్గర ఒక్కటే. తోడేలు దొర సభ పెట్టాడు. "ఊటకి రక్షణ కావాలి. మా బంధువులు కాపలా ఉంటారు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి!" అన్నాడు. అందరూ ఎత్తారు. దూదమ్మా ఎత్తింది. మర్నాటి నుంచి దొరకి జై కొట్టనిదే ఎవరికీ చుక్క నీరు దొరకలేదు.

జంతువులు అక్కడా ఇక్కడా చేరి గొణుక్కోవడం మొదలుపెట్టాయి. దొర మళ్ళీ సభ పెట్టాడు. "ఇద్దరికి మించి ఒకచోట నిలబడి మాట్లాడకూడదు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి!" అన్నాడు. అందరూ ఎత్తారు. దూదమ్మా ఎత్తింది. ఇంటికొచ్చి చూసుకుంటే తనూ, ముగ్గురు పిల్లలూ. తన ఇంట్లో తను మాట్లాడటమే తప్పయిపోయింది!

ముక్కన్న మాత్రం ఊరుకోలేదు. చెట్టు చెట్టుకీ వెళ్ళి టకటకమని కొట్టి చెప్పాడు. "ఊట అందరిదీ! ఊట అందరిదీ!" అడవంతా వినిపించింది. సాయంత్రానికల్లా దొర బంధువులు వచ్చి ముక్కన్నని ఒక రాతి తొర్రలో పెట్టి, ముళ్ళకంప అడ్డం కొట్టేశారు. "రేపు సభలో వీడి ముక్కు విరిచేస్తాం" అని చాటింపు వేశారు. వడ్రంగి పిట్టకి ముక్కు విరిస్తే ఇంకేముంది? తిండీ లేదు, మాటా లేదు.

దూదమ్మ భయపడుతూ భయపడుతూ తొర్ర దగ్గరికి వెళ్ళింది.

"అక్కా, నువ్వూ చెయ్యెత్తుతావా?" అని అడిగాడు ముక్కన్న.

"అందరూ ఎత్తుతారు కదా తమ్ముడూ..." అని నసిగింది దూదమ్మ.

"పోనీలే అక్కా. పిల్లలున్నదానివి. నాకేం కోపం లేదు" అన్నాడతను.

తిట్టినా బాగుండేది! ఆ మాట దూదమ్మ గుండెలో ముల్లులా గుచ్చుకుంది. ఇంటికి ఏడుస్తూ వచ్చింది.

మర్నాడు సభ. దొర బండెక్కాడు. "ముక్కన్న ముక్కు విరిచేద్దాం. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి!" అన్నాడు. టపటపా చేతులు లేచాయి. దూదమ్మ చెయ్యి కూడా లేవబోయింది. రెండో చేత్తో దాన్ని గట్టిగా అదిమి పట్టుకుంది. అది పైకి లేవాలని గింజుకుంది. అయినా వదల్లేదు.

కాకి "అందరూ..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఇలాంటిది దాని బతుకులో చూడలేదు.

"ఏయ్ కుందేలూ! నీ చెయ్యేదీ?" అని అరిచాడు దొర.

"ఒప్పుకునేవాళ్ళని కదా దొరా ఎత్తమన్నారు. నేను ఒప్పుకోలేదు" అంది దూదమ్మ. గొంతు వణుకుతోంది.

దొరకి ఒళ్ళు మండిపోయింది. 'దీన్ని అందరిలో ఒంటరిగా నిలబెట్టి పరువు తీస్తాను' అనుకున్నాడు. గొంతు చించుకుని అరిచాడు. "అలాగా! అయితే ఒప్పుకోనివాళ్ళు చేతులెత్తండి!"

ఇక చూడండి తమాషా! "చేతులెత్తండి" అన్న మాట చెవిన పడిందా, అలవాటు కొద్దీ చేతులన్నీ లేచిపోయాయి. ఉడుత ఎత్తింది. అడవి బాతులు రెక్కలెత్తాయి. ముళ్ళపంది తాత గురక పెడుతూనే ఎత్తాడు. కాకి కూడా రెక్క ఎత్తి, "అందరూ ఒప్పుకోలేదహో!" అని అరిచేసింది.

"ఛీ! దించండి!" అని గర్జించాడు దొర.

ఆ గర్జనకి తాత మేలుకున్నాడు. "ఏమైందే ఉడుతా?" అన్నాడు.

"ముక్కన్న ముక్కు విరవొద్దని చెయ్యెత్తాం తాతా" అని గుసగుసలాడింది ఉడుత.

తాత తన చెయ్యి చూసుకున్నాడు. చుట్టూ చూశాడు. ఎక్కడ చూసినా లేచిన చేతులే. "అలవాటుగా లేచిందమ్మా ఇది. కానీ నా మనసులో ఉన్నదీ ఇదే. చస్తే దించను" అన్నాడు.

"మేమూ దించం!" అన్నాయి బాతులు. "నేనూ దించను!" అంది ఉడుత. మనసులో వద్దనుకుంటున్నది తామొక్కరే కాదని అప్పుడు తెలిసింది అందరికీ. దొర ఇటు చూశాడు, అటు చూశాడు. పక్కన నిలబడ్డ బంధువులు మెల్లిగా వెనక్కి జరుగుతున్నారు. "సరే సరే, ఉండనీండి వాడి ముక్కు!" అని గొణిగి బండ దిగాడు. అందరూ వెళ్ళి ముళ్ళకంప లాగేశారు. ముక్కన్న బయటికొచ్చి దూదమ్మని చూశాడు. ఎగిరొచ్చి దాని పక్కన వాలాడు.

దొర ఆ రోజే గద్దె దిగాడనుకున్నారా? అంత తేలిగ్గా దిగుతారా ఎక్కినవాళ్ళు! కానీ అప్పటినుంచి ప్రతి సభలోనూ ఎవరో ఒకరు "దొరా, రెండో ప్రశ్న కూడా అడగాలి!" అనేవారు. అలా అడిగించి ఊట మీద కాపలా తీయించారు. గుంపుగా కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. మంచు కరిగాక, దొర ఉండాలా వద్దా అని రెండు ప్రశ్నలూ అడిగారు. కాకికి లెక్కపెట్టడమే రాదని అప్పుడు బయటపడింది. పాపం, 'అందరూ' అనడం తప్ప ఏమీ నేర్చుకోలేదు! ఉడుత దగ్గరుండి లెక్క చూసింది. దొర ఓడిపోయాడు. తన బొమ్మ తనే తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ మేకు కూడా పీకేశారు.

ముక్కన్నని పెద్దగా పెట్టుకున్నారు. అతను మొదటి సభలో హుషారుగా అన్నాడు. "రోజూ తెల్లవారుజామున నేను టకటకమని కొడతాను, అందరూ లేవాలి. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి!" కొన్ని చేతులు లేచాయి. "ఒప్పుకోనివాళ్ళు?" అని తనే అడిగాడు.

అందరికంటే ముందు లేచింది దూదమ్మ చెయ్యి.

"అదేంటక్కా! నువ్వేనా!" అన్నాడు ముక్కన్న.

"నీ ముక్కు కోసం నిలబడ్డాను తమ్ముడూ, నిజమే. అలాగని తెల్లారకుండా నా పిల్లల నిద్ర చెడగొడతానంటే ఎలా ఊరుకుంటాను?" అంది దూదమ్మ. ఈసారి దాని గొంతు వణకలేదు.

సభంతా ఘొల్లుమంది. దూదమ్మ వెనకే బోలెడు చేతులు లేచాయి. ముక్కన్న ఓడిపోయాడు. ఓడిపోయి, అందరికంటే గట్టిగా తనే నవ్వాడు.

నీతి: 'కాదు' అనే వీలు లేనిచోట 'అవును' అన్న మాటకి విలువ లేదు.