సున్నపు గోడ మీద మంత్రసాని గుడిసె

మౌలాలికి అర్థం కానిది ఒక్కటే. గోడ మీద తాను గీసిన పటాన్ని ఊరంతా మెచ్చుకుంటుంటే, మంత్రసాని పీరమ్మ మాత్రం ఊరే వదిలిపోతానని ఎందుకంటోంది?

కందనూలు వెళ్లే కొండదారి మలుపులో సూఫీ గురువు కరీముల్లా షా సత్రం ఉంది. మౌలాలి ఆయన శిష్యుడు, లెక్కల్లో దిట్ట. దారి తప్పి వచ్చే బాటసారుల అవస్థ చూడలేక చుట్టుపక్కల నేలంతా తాడుతో కొలిచాడు. సత్రం సున్నపు గోడ మీద ఎర్రటి జాజు మట్టితో దారుల పటం గీశాడు. పైగా ఒక నియమం పెట్టాడు: ఇక్కడ భోంచేసినవాళ్లు వెళ్లేముందు తమకు తెలిసిన సంగతి ఒకటి అందులో చేర్చాలి.

ఒకరు ఊటబావి చేర్చారు. ఒకరు తేనెపట్టు ఉన్న చెట్టు. అడిగితే కాదనకుండా గింజలు పెట్టే ఇల్లు ఒకరు, పగలంతా ఎవరూ ఉండని ఇల్లు ఇంకొకరు. వాగు పక్క గుడిసెను మాత్రం మౌలాలే గీసి, కింద రాశాడు: ‘మంత్రసాని. ఒంటరిగా ఉంటుంది, ఎప్పుడు పిలిచినా పలుకుతుంది.’

ఒక శుక్రవారం మధ్యాహ్నం పీరమ్మ సత్రం గడపలో నిలబడింది.

“నన్ను గోడకెక్కించింది నువ్వేనా అబ్బీ?”

“నేనే పెద్దమ్మా. నొప్పులొచ్చినవాళ్లకు నీ గుడిసె తేలిగ్గా దొరకాలని.”

“దొరుకుతోందిలే. నిన్న ముగ్గురు మగాళ్లకు దొరికింది. వాళ్లలో నొప్పులు ఎవరికొచ్చాయో నువ్వే చెప్పు.”

భోజనాల దగ్గరున్న బాటసారులు పక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు.

“దారిలో నిండు బావి ఉండగా నా తలుపు కొట్టి నీళ్లడిగారు. ఒంటరిదాన్నని చదువుకునే వచ్చారు. ఆ గీత అక్కడుంటే నేనిక్కడ ఉండను.”

ఆమె వెళ్లిపోయింది. ఆమె లేకపోతే ఈ కొండ పల్లెల్లో పురుడు పోసే దిక్కు లేదు. మౌలాలి వంటింట్లోకి పరుగెత్తాడు. గురువు వెల్లుల్లి ఒలుస్తున్నాడు.

“బాబా, నేను అబద్ధం రాయలేదు. కొలత బెత్తెడు కూడా తప్పలేదు. మంచికే గీశాను. ఇందులో నా తప్పేముంది?”

కరీముల్లా షా చేతులు తుడుచుకుని గోడ దగ్గరకు వచ్చాడు. జాజులో వేలు ముంచి, సత్రం వెనక చింతచెట్టు ఉన్న చోట ఒక చుక్క పెట్టి రాశాడు: ‘మౌలాలి తల్లిని తలుచుకుని ఏడ్చే చోటు. ప్రతి శుక్రవారం, సాయంత్రం.’ మళ్లీ వెళ్లి వెల్లుల్లి ముందు కూర్చున్నాడు.

మౌలాలి చెవులు వేడెక్కాయి. ఆ సంగతి ఎవరికీ తెలియదనుకున్నాడు.

చేతిలో ముద్దతోనే ఒక బాటసారి లేచి వచ్చి, గోడ మీది రాతను గట్టిగా చదివాడు. “మౌలాలి ఎవరంట? ఇవాళ శుక్రవారమే కదా, చూసిపోదామా?”

మౌలాలి మళ్లీ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

“అబద్ధం రాశానా?” గురువు అడిగాడు.

“లేదు బాబా.”

“కొలత తప్పానా?”

“లేదు. కానీ... నన్ను అడగలేదు.”

గురువు పక్కనున్న తడిగుడ్డ తీసి అతని చేతికిచ్చాడు.

మౌలాలి ముందు చింతచెట్టు చుక్క తుడిచాడు. తర్వాత వాగు పక్క గుడిసెను, దాని కింది రాతను తుడిచాడు. బావి దగ్గర గుడ్డ ఆగింది. దాహంతో వచ్చేవాళ్లు గుర్తొచ్చి దాన్ని వదిలేశాడు. గింజలు పెట్టే ఇంటి దగ్గర మళ్లీ ఆగింది. అక్కడి నుంచి ఎటూ కదల్లేదు. ఎర్రటి నీళ్లు మోచేతి దాకా కారుతున్నాయి.

“బాబా, వీటిలో ఏది ఉంచాలో, ఏది తుడవాలో నాకు తెలియడం లేదు.”

“నాకూ తెలియదు,” అన్నాడు కరీముల్లా షా, వెల్లుల్లి ఒలుస్తూనే. “ఆ ఇళ్లవాళ్లకు తెలుస్తుంది. అక్కడికి దారులన్నీ తెలిసినవాడివి నువ్వే కదా.”