గొట్టానికి గొట్టం

నెమలిగుట్ట నెత్తి మీద పెద్ద చెట్లు లేవు. చాప పరిచినట్టు వెడల్పాటి బండ ఒకటుంది. దాని మీద నిలబడితే పడమటి దిక్కున నేల అంచు దాకా ఆకాశం కనపడుతుంది. ఆ అడవిలో చుక్కల పిచ్చి పట్టినవాళ్లు పొద్దు వాలేసరికి ఆ బండ మీదికి చేరేవాళ్లు. మరీ ఎక్కువమందేం కాదు, నలుగురే. బొల్లయ్య అనే ముసలి ఎద్దు, పింగళమ్మ అనే గుడ్లగూబ, ముత్యాలు అనే మేక, ఈ మధ్యనే వాళ్లతో కలిసిన జంబులింగం అనే నక్క.

మిగతా ముగ్గురికీ చుక్కల పేర్లు నేర్పింది బొల్లయ్యే. వయసులో ఉన్నప్పుడు అతను అడవి కొలతలకు వచ్చిన సర్వేవాళ్ల బండి లాగేవాడు. గుట్ట కింద బండి ఇరుసు విరిగితే, వాళ్లు బండినీ, ఎద్దునీ, బండిలో ఉన్న ఇత్తడి దుర్భిణినీ అక్కడే వదిలేసి పోయారు. ఆ దుర్భిణిని చెక్క పలక మీద కట్టుకుని, తాడు మెడకు తగిలించుకుని, ప్రతి సాయంత్రం గుట్ట పైకి లాక్కురావడం బొల్లయ్యకు అలవాటైపోయింది.

చీకటి పడేదాకా కబుర్లు నడిచేవి. కబుర్లంటే ఎక్కువగా ఒకరి సామాను మీద ఒకరి వేళాకోళమే. ముత్యాలు మొదట్లో అట్టతో దుర్భిణి చేసుకుంది. వానాకాలంలో అది ఉబ్బి ఊడిపోతే, మిగిలిన సగాన్ని తనే నమిలేసింది. చంద్రుణ్ణి చూసి, ఆ తర్వాత భోంచేసే వీలు ఇంకే దుర్భిణికుందని అడిగేది. వెదురు బొంగుతో చేసుకున్న రెండోదాన్ని చెదపురుగులు తినేశాయి. ముత్యాలు కంటే ముందు తినేవాళ్లు దొరికారని పింగళమ్మ నవ్వింది. పింగళమ్మ కళ్లే పెద్దవి కాబట్టి ఆమెకు దుర్భిణి అక్కర్లేదు. అందుకని అందరి మీదా జోకులు వేసే హక్కు తనదే అనుకునేది. బొల్లయ్య ఇత్తడిది చలికాలంలో ముడుచుకుంటుందనీ, ఎండాకాలంలో సాగుతుందనీ, అచ్చం దాని యజమాని నడుములాగే ఉందనీ అనేది. బొల్లయ్య కూడా నవ్వేవాడు.

జంబులింగం దుర్భిణి సరికొత్తది. గుట్ట కింద విడిది చేసినవాళ్లు మరిచిపోయింది. నల్లగా నిగనిగలాడే కార్బన్ గొట్టం, నోట కరుచుకుని పరుగెత్తేంత తేలిక. వచ్చిన రోజు నుంచీ అతను దాని గురించే చెప్పేవాడు. ఇత్తడి కాలం పోయిందనీ, అల్యూమినియం కాలం కూడా పోయిందనీ, ఇక లోకమంతా కార్బన్‌దేననీ అనేవాడు.

ఒకరోజు నెలవంక కనిపించినప్పుడు సరదాగా బొల్లయ్య దుర్భిణిలో కన్ను పెట్టాడు జంబులింగం. చాలాసేపు తియ్యలేదు. చంద్రుడి మీది గుంటలు, వాటి అంచుల నీడలు గీత గీసినట్టు కనిపిస్తున్నాయి. ఆ తర్వాత తన దుర్భిణిలో చూసుకున్నాడు. చంద్రుడి చుట్టూ ఎరుపూ నీలమూ రంగులు అలుముకుని, నీళ్ల మీద నూనె తెట్టులా ఉంది. ఆ రోజు మంచు ఎక్కువగా ఉందని చెప్పి తొందరగా వెళ్లిపోయాడు. మంచు లేదని బొల్లయ్యకు తెలుసు. లోపల ఉన్నది ప్లాస్టిక్ అద్దమని కూడా అర్థమైంది. ఒకరి వస్తువును నలుగురిలో తక్కువ చేయడం ఇష్టం లేక ఊరుకున్నాడు.

ఆ ఏడు బొల్లయ్యకు మెడ మీద కాడి మోసిన చోట వాపు వచ్చింది. తాడు తగిలితే ప్రాణం పోయేంత నొప్పి. సరిగ్గా అప్పుడే పింగళమ్మ కబురు తెచ్చింది. పడమట, పొద్దు గుంకిన చోటికి కాస్త పైన, తోకచుక్క ఒకటి వచ్చింది. ఐదు సాయంత్రాలు మాత్రమే కనిపిస్తుంది. ఆ తర్వాత సూర్యుడి చాటుకు వెళ్తే మళ్లీ వచ్చేది ఎనభై ఏళ్లకు.

బొల్లయ్య లెక్క వేసుకోనక్కర్లేదు. ఎద్దుకు ఇరవై ఏళ్లు బతకడమే ఎక్కువ. ఇన్నేళ్లుగా ఆకాశం చూస్తున్నా అతని కంట తోకచుక్క ఒక్కటీ పడలేదు. మొదటి సాయంత్రం పళ్లు బిగించి తాడు లాగాడు. సగం దారిలో మెడ మీది వాపు చిట్లి పుండైంది. చీకటి పడేలోగా పైకి చేరలేకపోయాడు. ముత్యాలు వెనక నుంచి కొమ్ములతో నెట్టింది గానీ, మేక బలం ఇత్తడికి ఏ మూలకు? అక్కడి నుంచి చూస్తే పడమటి వైపు చెట్లే అడ్డం. పైన ఒంటరిగా చూసి వచ్చిన పింగళమ్మ, ఎలా ఉందో చెప్పబోయి బొల్లయ్య మొహం చూసి ఆగిపోయింది.

మర్నాడు పొద్దెక్కాక జంబులింగం వచ్చాడు. నోట్లో నల్ల గొట్టం. బొల్లయ్య సగం దారిలోనే, ఇత్తడి దుర్భిణి పక్కన పడుకుని ఉన్నాడు. మిగతా ఇద్దరూ అక్కడే ఉన్నారు. జంబులింగం చాలా బాధపడ్డాడు. ముసలితనంలో ఈ బరువు మోయడం ఏమిటన్నాడు. తన కళ్ల ముందు ఇలా జరుగుతుంటే ఊరుకోలేనన్నాడు.

"నా దుర్భిణి నువ్వు తీసుకో మామా. నీ పాతది నాకిచ్చెయ్యి. నాకు నష్టమే అయినా, పెద్దవాడివి, నీ కోసం చేస్తున్నాను."

ముత్యాలుకు కళ్లనీళ్లు తిరిగాయి. బొల్లయ్య మనసు కూడా ఒక్క నిమిషం మెత్తబడింది. మెడ నొప్పి అలాంటిది. అంతలో నెలవంక చూసిన సాయంత్రం గుర్తొచ్చింది. లేచి కూర్చున్నాడు. నెమరు వేస్తూ, తొందర లేకుండా అడిగాడు.

"నా దాంట్లో లోపమేమిటంటావు అల్లుడూ?"

"ఇత్తడి మామా, ఇంకేముంది. బరువు. వానకు చిలుము పడుతుంది, చలికి ముడుచుకుంటుంది."

"నీ దాంట్లో గొప్ప?"

"కార్బన్. దూదిలా ఉంటుంది. ఎండకీ వానకీ చలించదు."

"మరి లోపలి గాజు?"

జంబులింగం తోక ఆడటం ఆగింది. గాజు మాట ఎత్తితే తన ప్లాస్టిక్ సంగతి బయటపడుతుంది. ముసలాయన దృష్టి అటు పోకుండా చూడాలి.

"గాజుదేముంది మామా, ఎక్కడైనా గాజు గాజే. నేను కొలిచి చూశాను. నీదీ నాదీ ఒకే పొడవు, ఒకే వెడల్పు. లోపలి బిళ్లలు కూడా ఒకే కొలత. మారిందల్లా గొట్టమే. కొత్త కాలమంతా గొట్టంలోనే ఉంది."

"గాజులో తేడా లేనే లేదంటావు."

"వెంట్రుకవాసి కూడా లేదు."

బొల్లయ్య పింగళమ్మ వైపు తిరిగి, విన్నావు కదా అక్కా అన్నాడు. ఆమె విన్నానంది. ముత్యాలు కూడా విన్నానంది.

"అయితే గొట్టానికి గొట్టం మార్చుకుందాం. నా గాజులకు నా కన్ను అలవాటు పడిపోయింది, అవి నేను ఉంచుకుంటాను. నీవి నువ్వు ఉంచుకో. ఎటూ తేడా లేదన్నావు."

బిళ్లలు ఊడదీస్తే దుమ్ము పడుతుందన్నాడు జంబులింగం. తన గోళ్లతో మెల్లగా తీస్తానంది పింగళమ్మ. కొత్త గొట్టంలో పాత గాజు కూర్చోదేమో అన్నాడు. ఒకే కొలత అని ఇప్పుడే చెప్పావు కదా బావా అంది ముత్యాలు, నిజంగానే అర్థం కాక. తేడా ఉందని చెబితే ఎవరిది మంచిదో చెప్పాలి. ఇద్దరి ముందు అన్న మాట, వెనక్కి తీసుకునే దారి లేదు. చివరికి నేలచూపులు చూస్తూ సరేనన్నాడు.

పింగళమ్మ ముందున్న పెద్ద బిళ్లనూ, కంటి దగ్గరి చిన్న బిళ్లనూ విప్పి నల్ల గొట్టంలో బిగించింది. ఎక్కడా వదులు లేకుండా కూర్చున్నాయి. బొల్లయ్య ఇత్తడి గొట్టాన్ని ఒకసారి మూతితో తాకాడు. ఎండకు వెచ్చగా ఉంది. ఇన్నేళ్ల తోడు, వదలాలంటే ప్రాణం విలవిల్లాడుతుందేమో అనుకున్నాడు. అలాంటిదేమీ జరగలేదు. తను ప్రేమించింది బరువును కాదని అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం నల్ల గొట్టాన్ని ముత్యాలు వీపున కట్టుకుని ముందు నడిచింది. బొల్లయ్య మెడ మీద ఏమీ లేకుండా గుట్ట ఎక్కాడు. పొద్దు గుంకి, పడమర ఎరుపు తగ్గుతుండగా దుర్భిణిలో కన్ను పెట్టాడు. పాలచుక్కలా తెల్లని తల, దాని వెనక పలచగా విప్పారిన తోక. పక్కనున్న చుక్కలు తోకలోంచి కూడా కనిపిస్తున్నాయి. ఎలా ఉందని పింగళమ్మ రెండుసార్లు అడిగింది. బొల్లయ్య పక్కకు జరిగి, చూడమని ముత్యాలుకు చోటిచ్చాడు.

జంబులింగం ఇత్తడి గొట్టంలో తన ప్లాస్టిక్ బిళ్లలు బిగించుకుని, మూడు రోజులు గుట్ట పైకి ఈడ్చాడు. ఐదో సాయంత్రం, ఆఖరిది, ఎలాగో బండ మీదికి చేరాడు. పాదాలు ఒరుసుకుపోయాయి, నాలుక వేలాడుతోంది. కన్ను పెట్టి చూస్తే తోకచుక్క స్థానంలో ఎరుపూ నీలమూ కలిసిన మరక.

కాసేపు దూరంగా కూర్చున్నాడు. తోకచుక్క కిందికి దిగిపోతోంది. ఇక ఆగలేక వచ్చి ముత్యాలు వెనక నిలబడ్డాడు. బొల్లయ్య ఏమీ దెప్పలేదు. మొహమాటపడకు అల్లుడూ, గొట్టం నీదేగా అని మాత్రం అన్నాడు. జంబులింగం తల వంచుకుని తన పాత గొట్టంలోంచి చూశాడు. తోకచుక్క నేల అంచున మాయమయ్యేదాకా కన్ను తియ్యలేదు.

ఎదుటివాడి వస్తువు అసలు విలువ దాచి బేరమాడినవాడికి, తను నోటితో పలికిన విలువే చేతికి వస్తుంది.