అర్జీలో ఖాళీ చోటు

పూర్వం గంధవరం తాలూకాలో కోట పార్టీ, పేట పార్టీ అని రెండుండేవి. ఒక ఏడాది వానాకాలానికి ముందు ఏటిగట్టుకు గండి పడింది. రెండు పార్టీలూ కలిసి ఇంగ్లీషులో అర్జీ పెడితేనే గట్టు పని చేయిస్తానన్నాడు కలెక్టరు దొర.

కలవడానికి పెద్దలిద్దరూ ఒప్పుకున్నారు. ఆ కలవడాన్ని ఏమని రాయాలన్న దగ్గరే తగువొచ్చింది.

"అలయన్స్ అని రాయి," అన్నాడు కోట పార్టీ పెద్ద జగ్గరాజు.

"అది పెళ్లి సంబంధాలకు వాడే మాట. మీతో మాకు వియ్యమా? కోయలిషన్ అని రాయి," అన్నాడు పేట పార్టీ పెద్ద వీరన్న శెట్టి.

"అంటే మీలో కలిసిపోవడం. చచ్చినా ఒప్పుకోను!"

అర్జీలు రాసే పైడయ్య పదిహేడో కాగితం చించాడు. అతని ఇల్లు సరిగ్గా గండికి ఎదురుగా ఉంది. బయట మబ్బు పట్టింది.

"ఇంగ్లీషు దొరగారి భాష కదా బాబూ! ఆ మాట దగ్గర ఖాళీ వదిలేస్తాను. సరైనదేదో ఆయనే రాసుకుంటారు," అన్నాడు విసుగ్గా.

దొర తన మాటే రాస్తాడని ఇద్దరికీ గట్టి నమ్మకం. అవతలివాడి పరువు పోతుందన్న సంబరంతో వెంటనే సంతకాలు చేశారు.

మర్నాడు పైడయ్య కచేరీ నుంచి రాగానే ఇద్దరూ అడ్డుపడ్డారు.

"దొర ఏ మాట రాశాడు?"

"మీ ఇద్దరిదీ కాదండి. ఆ ఖాళీలో ‘శాంక్షన్డ్’ అని రాసి సంతకం పెట్టారు. జనం అప్పుడే మట్టి పోస్తున్నారు, తప్పుకోండి," అని పైడయ్య పార భుజాన వేసుకుని గండి వైపు నడిచాడు.