బరువాగారి తెలుగు

పాంగి అనసూయకు ఇంగ్లీషు రాదని ఎవరూ అనలేరు. తేనెటీగల మీద ఆమె రాసిన థీసిస్ మొత్తం ఇంగ్లీషులోనే ఉంది. రాతపరీక్ష మొదటిసారే గట్టెక్కింది. చిక్కంతా మౌఖికంతోనే వచ్చింది. థీసిస్ ఇచ్చే ముందు పరిశోధక విద్యార్థులు పరీక్షకుల ఎదుట కూర్చుని తమ పని గురించి ఇంగ్లీషులో మాట్లాడాలని ఆ విశ్వవిద్యాలయంలో నియమం. అనసూయ రెండుసార్లు కూర్చుంది. రెండుసార్లూ నోరు పెగల్లేదు.

తెలియక కాదు. ప్రశ్న వినగానే జవాబు తట్టేది. దాన్ని వాక్యంగా పేర్చుకునేది. క్రియ సరిపోయిందా, ఎక్కడైనా చిన్నమాట జారిపోయిందా అని చూసుకునేది. వాక్యం కుదిరేసరికి పరీక్షకులు తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయి ఉండేవారు.

తెలుగులోనైతే ఆమెకు ఎదురులేదు. మన్యంలో తేనెటీగల పెంపకం మీద ఏ ఊళ్ళో మీటింగుకు వెళ్ళినా, ఆమె లేచి మాట్లాడితే ఆడవాళ్ళు పనులు మానుకుని వినేవారు. ఒక్క మాట తడబడేది కాదు. ఆ పేరు తనకుందని ఆమెకు తెలుసు. అది ఆమెకు ఇష్టం కూడా.

ఆమె గైడు హిరేన్ బరువాగారిది అస్సాం. పడుచువయసులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. తేనెటీగల గురించి ఆయనకు తెలియనిది లేదు గానీ, తెలుగు మాత్రం ఇన్నేళ్ళయినా లొంగలేదు. వచ్చాడో వచ్చిందో ఆయనకు ఒకటే. ఊళ్ళలో ఆయన నోరు తెరిస్తే అనసూయకు గుండెల్లో రాయి పడేది. ఆయన ఒక మాట అనగానే అందుకుని మిగిలిందంతా తనే చెప్పేసేది. గురువుకు తాను చేసే సేవ అది అనుకునేది.

మూడోసారి పరీక్ష దగ్గరపడుతుండగా ఆయన గదికి వెళ్ళి, తన వల్ల కాదని చెప్పింది. ఈసారీ తప్పితే ఏడాది ఆగాలి. ఆగేకంటే ఊరికి పోయి బడిలో పంతులమ్మగా చేరిపోతానంది. చేసిన పని అంతా అటకెక్కినా సరేనంది. మౌఖికం లేకుండా చేయమని విశ్వవిద్యాలయం పెద్దలతో ఒక్క మాట చెప్పండని బతిమాలింది.

బరువాగారు అంతా విన్నారు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"రేపు మీటింగుకి రా," అన్నారు. "నువ్వు మాట్లాడకు. నేను మాట్లాడుతాను."

మీటింగు కొండ మీది ఊళ్ళో, బడి వరండాలో పెట్టారు. తేనెటీగలు పెంచుకునే ఆడవాళ్ళు చాలామంది వచ్చారు. బరువాగారు చెక్కపెట్టె ఒకటి ముందు పెట్టుకుని నిలబడ్డారు.

"ఇది తేనె పెట్ట," అన్నారు.

ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒకామె, పెట్ట అంటే కోడి బాబూ, ఇది పెట్టి అని సరిచేసింది. ఆయన బుద్ధిగా తల ఊపి, పెట్టి, పెట్టి అని వల్లించుకుని ముందుకు సాగారు.

"రాణి ఈగ చాలా మంచివాడు. రోజంతా గుడ్లు పెడతాడు."

వరండా అంతా నవ్వులతో నిండిపోయింది. బరువాగారూ నవ్వారు. అనసూయ లేవబోయింది. ఆయన ఆమె వైపు చూడకుండానే, కూర్చోమన్నట్టు అరచెయ్యి కిందికి ఆడించారు.

ఇంతలో చిలకమ్మ అనే ముసలామె లేచింది.

"మా ఈగలు గూడు ఇడిసీసి ఎల్లిపోతన్నాయి బాబూ. ఏటి సెయ్యాల?"

ఆయనకు అంతుపట్టలేదు.

"అర్థం కాలేదు అమ్మా. మళ్ళీ చెప్పు."

ఆమె మళ్ళీ చెప్పింది. మళ్ళీ అర్థం కాలేదు. ఆయన వచ్చి ఆమె ఎదురుగా నేలమీద చతికిలబడి, ఇంకోసారి అన్నారు. ఈసారి చిలకమ్మ చేతులతో ఈగలు లేచిపోయినట్టు చూపించింది. పక్కవాళ్ళూ తలా ఒక మాట కలిపారు. బరువాగారి మొహం విచ్చుకుంది. పట్టులో తెల్ల పురుగు ఉందా, సాలెగూడు లాంటి దారం కనిపించిందా అని ఆరా తీశారు. ఉందని ఆమె చెప్పింది. పాడైన పట్టు కోసి కాల్చెయ్యాలని, పెట్టె సందులు మూసెయ్యాలని ఆయన చెప్పారు. సగం తెలుగు, సగం చేతులు. తను విన్నది సరేనా అన్నట్టు చిలకమ్మ అదంతా తన మాటల్లో తిరిగి అప్పజెప్పింది. ఒక్కటీ పొల్లుపోలేదు.

ఆ తర్వాత ఇంకొకరు అడిగారు. ఆ తర్వాత మరొకరు. అనసూయ మూలన కూర్చుని చూస్తూ ఉండిపోయింది. తను మాట్లాడినప్పుడు వీళ్ళు వినేవారు. ఈయనతో మాట్లాడుతున్నారు.

తిరుగు ప్రయాణంలో, జీపు ఘాట్ దిగుతుంటే, ఆమె ఉండబట్టలేక అడిగింది.

"అంతమంది నవ్వుతుంటే మీకేమీ అనిపించదా సార్?"

"అనిపిస్తుంది," అన్నారు బరువాగారు. "కానీ చిలకమ్మ ఈగలు వెళ్ళిపోతాడు కదా."

చాలా మలుపులు దాటాక ఆయనే మళ్ళీ అన్నారు.

"నువ్వు వచ్చిన తర్వాత నా తెలుగు పెరగలేదు అనసూయా. నువ్వు తప్పు చెయ్యనివ్వవు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. పెద్దలతో చెప్పే సంగతి ఆయన ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

పరీక్ష రోజు మొదటి ప్రశ్నే ఆమెకు అందలేదు. అడిగిన పెద్దావిడది గబగబా మాట్లాడే స్వభావం. అనసూయ, దయచేసి ఇంకోసారి అడగమంది. ఆవిడ ఈసారి నిదానంగా అడిగింది. అనసూయ మొదలుపెట్టింది. మధ్యలో ఒక మాట దొరకలేదు, దాని చుట్టూ తిరిగి చెప్పింది. ఇంకో చోట వాక్యం తోక తెగినట్టు ఆగిపోతే, కొత్తది అందుకుంది. కాసేపటికి ఆ పెద్దావిడ కాగితాలు పక్కకు నెట్టి, మా ఇంటి కిటికీ పైన తేనెపట్టు ఉంది, ఈగల్ని చంపకుండా ఎలా పంపాలి అని అడిగింది. ఇక అక్కడి నుంచి పరీక్ష సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు. కిటికీ ఏ దిక్కు, పట్టు ఎంత పెద్దది అని అనసూయే ఆవిణ్ణి ఎదురు ప్రశ్నలు అడిగింది.

గొప్ప మార్కులేం రాలేదు గానీ ఆమె పాసయింది. అది తర్వాతెప్పుడో తెలిసింది. ఆ పూట మాత్రం బయటికి వచ్చేసరికి బరువాగారు వరండా బెంచీ మీద పేపరు చదువుకుంటూ కనిపించారు.

"ఎన్ని తప్పులు?" అన్నారు తల ఎత్తకుండా.

అనసూయ గుర్తుచేసుకోబోయింది. ఆ పెద్దావిడ కిటికీ, దాని మీదికి వాలిన మామిడికొమ్మ, ఎండ తగిలే వైపు, అవే కళ్ళముందు మెదిలాయి.

"చూసుకోలేదు సార్."

బరువాగారు పేపరు మడిచి లేచారు.

"అయితే ఇంగ్లీషు వచ్చేశాడు," అన్నారు.