నాలుగో కంచం

ఒకటిని ఒకటితో, మళ్ళీ ఒకటితో హెచ్చవేస్తే ఒకటే.

కృపావరం దగ్గరున్న లెక్క అది. ఆ లెక్కతోనే సముద్రపొడ్డున ఉన్న ఆ పల్లె చర్చిలో, పడవలు కట్టే నూకరాజుని అందరి ముందూ ఓడించాడు.

నూకరాజు బాప్తిస్మం తీసుకుని ఏడాది కాలేదు. "తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. కూడితే ముగ్గురే గదండీ? మరి దేవుడొక్కడే అంటారేంటి?" అని అడిగాడు.

"కూడమని ఎవరన్నారు? హెచ్చవెయ్యి! ఒకటో ఎక్కం కూడా రాదా నీకు?"

చర్చంతా గొల్లున నవ్వింది. నూకరాజు కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. రెండు ఆదివారాలు రాలేదు. మూడో ఆదివారం ఆరాధన జరుగుతుంటే, ఒడ్డు నుంచి అతని సుత్తి చప్పుడు వినబడుతూనే ఉంది.

పాస్టరు జీవరత్నం అయ్యగారి ఇంట్లో ఉండి వాక్యం నేర్చుకుంటున్నాడు కృపావరం. ఆరాధన అయ్యాక ఇక ఉండబట్టలేకపోయాడు.

"నా లెక్కలో తప్పుందా, అయ్యగారూ?"

"లెక్క బాగానే ఉంది. నూకరాజేడి?"

కృపావరం తలొంచుకున్నాడు. "అతను ఇంక రాకపోతే?"

"రా, భోంచేద్దాం."

వసారాలో అయ్యగారు, అమ్మగారు, కృపావరం కూర్చున్నారు. చేపల పులుసు గిన్నెలో చివరికి ఒక్క ముక్క మిగిలింది. అమ్మగారు గిన్నె కృపావరం ముందుకు జరిపింది.

"తిను అబ్బాయ్, వయసులో ఉన్నవాడివి."

"అయ్యగారు వేసుకోవాలండీ," అని అతను అటు జరిపాడు.

"పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర ఉన్నది ఆవిడ," అంటూ అయ్యగారు ఆవిడ ముందుకు తోశారు.

గిన్నె మళ్ళీ కృపావరం దగ్గరికొచ్చింది. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ వచ్చింది.

"ఇదేం ఆటర్రా, పులుసు చల్లారిపోతోంది!" అమ్మగారికి నవ్వాగలేదు. కృపావరానికీ ఆగలేదు.

"ఎన్ని చుట్లు తిరిగింది?" అన్నారు అయ్యగారు.

కృపావరం నవ్వు ఆపేశాడు. మెట్లు ఎక్కినా లెక్కపెట్టేవాడు, దీన్ని లెక్కపెట్టలేదు.

"చూడలేదండీ."

అయ్యగారు లేచి గూట్లోంచి ఇంకో కంచం తెచ్చారు. కాస్త జరిగి తన పక్కన చోటు చేసి, కంచం అక్కడ పెట్టారు. గిన్నె దాని ముందుకు జరిపారు.

ఒడ్డున సుత్తి ఇంకా మోగుతోంది.

కృపావరం ఆ ఖాళీ కంచం వంక చూశాడు. తర్వాత చెయ్యి కడుక్కుని, గిన్నె మీద మూత పెట్టాడు.

"మళ్ళీ అదే ప్రశ్న అడిగితే ఏం చెప్పను, అయ్యగారూ?"

"ముందు అన్నం తిన్నావా అని అడుగు."

కృపావరం చెప్పులు కూడా వేసుకోకుండా, సుత్తి చప్పుడు వినిపిస్తున్న వైపు ఇసుకలోకి దిగాడు.