గంట కట్టిన ఒంటికొమ్ము గుర్రం

వకుళ మూడోసారి కూడా ఓడిపోయి కొండ దిగింది. వెనకాలే ఒంటికొమ్ము గుర్రం, మెడలో గంట మోగుతుండగా, తల వేలాడేసుకుని ఆశ్రమంలోకి వచ్చింది.

కాలు విరిగి వాగు ఒడ్డున పడి ఉన్న గుర్రప్పిల్లను చంకనేసుకుని తెచ్చి బతికించింది వకుళే. నడక రాగానే ఎటైనా తప్పిపోతుందేమోనని మెడలో గంట కట్టిందీ వకుళే. ఇప్పుడది నిక్షేపంగా ఎదిగింది. వానలు మొదలయ్యేలోగా దాని మంద కొండ దాటి వెళ్ళిపోతుంది. ఆలోగా కలవకపోతే ఇక ఈ జన్మకి కలవదు. ఒంటరి బతుకు ఆ జాతికి చేతకాదు.

"తాడు విప్పేశాను, కంచె పీకేశాను, కొండమీది దాకా నేనే తీసుకెళ్ళాను," అంది గురువు విశోకుడితో, రొప్పుతూ. "ఇది ఇంకా అల్లంత దూరాన ఉండగానే మందంతా పరుగో పరుగు! సొంతవాళ్ళే ఇలా చేస్తే ఎలా గురువుగారూ? అయినా సరే, రేపు మళ్ళీ వెళ్తాను. ఎల్లుండీ వెళ్తాను. దీనికి స్వేచ్ఛ ఇచ్చి తీరతాను."

వకుళది ఉడుంపట్టు. ఆ సంగతి గురువుకి తెలుసు. ఆశ్రమంలోని ఆవు మెడలోంచి గంట విప్పి, తెచ్చి వకుళ మెడలో కట్టాడు.

"వెళ్ళి జింకలకి మేత పెట్టి రా."

ఇదేం చోద్యం అనుకుంటూనే పచ్చగడ్డి పట్టుకుని బయల్దేరింది వకుళ. రోజూ ఆమె చేతిలోంచి తినే జింకలే అవి. నాలుగడుగులు వేసిందో లేదో, చెవులు నిక్కించి చూశాయి. మరో అడుగు వేసేసరికి చెల్లాచెదురుగా పారిపోయాయి.

"నేనే! వకుళనే!" అని అరుస్తూ వాటి వెంట పరిగెత్తింది. గంట ఇంకా గట్టిగా మోగింది. చూస్తుండగానే మైదానమంతా ఖాళీ అయింది.

చేతిలో గడ్డి చేతిలోనే ఉంది. మెడలోని గంటని తడిమి చూసుకుంది. తర్వాత వెనక్కి వచ్చి, నేరుగా గుర్రం దగ్గరికి వెళ్ళి, దాని మెడలోని గంట తాడు అందుకుంది. ముడి మీద చేయి ఆగిపోయింది.

"ఇది తీసేస్తే, అదెక్కడుందో, అసలు బతికుందో లేదో నాకెలా తెలుస్తుంది గురువుగారూ?"

"తెలీదమ్మా," అన్నాడు విశోకుడు.

వకుళకి ఏడుపొచ్చింది. ముక్కు ఎగబీల్చుకుని ముడి విప్పడం మొదలుపెట్టింది. ఏనాడో వేసిన ముడి, బాగా బిగుసుకుపోయింది. వేళ్ళకి లొంగకపోతే పళ్ళతో పట్టి లాగింది.